వత్తి మార్చిన చెయ్యి

"ఆ డబ్బ ముట్టకు అంటే నీకు సమజైతలేదా శ్రేయా? అన్నం నేనే పెడత, చారు నేనే పోస్త. నువ్వు జర అవతలికి జరుగు."

"చారు పొద్దుగాలనే కాచిన అత్తమ్మా. మీ ముందట్నే కాచిన గద."

"కాచినవ్. అందుకనే పారబోసిన."

ఈ వాదన మొదలై చాలాసేపయింది. మానుకోట స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న ఆ ఇంట్లో వంటగట్టు మీద టిఫిన్ డబ్బా మూత తీసి ఉంది. పారబోసిన చారు వాసన సింకులోంచి ఇంకా వస్తూనే ఉంది. ప్రేమలత కోడలికి వీపు చూపించి, రెండోసారి కాచిన చారును గరిటెతో పోస్తోంది. మరిది జశ్వంత్ బండి తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, దవాఖానల కలిసే టైం అయిపోతది. ఎవలు కాస్తే ఏంది, అన్న తినేది రెండు ముద్దలు."

"నువ్వు నోరు మూసుకొని ఈ సీస పట్టుకపో. కొబ్బరినూనెల కర్పూరమేసి కాచిన. డాక్టర్లు చూడకుంట ఛాతికి రాయి. చిన్నప్పట్నించి వాని దగ్గుకు గిదే మందు."

"ఐసీయూల కర్పూరం వాసనొస్తే అన్నను కాదు, నన్ను బయటికి గుంజుతరు," అంటూనే జశ్వంత్ సీసా జేబులో పెట్టుకున్నాడు.

శ్రేయ అవతలికి జరిగింది. ఆ ఇంటికి కోడలుగా వచ్చి రెండేళ్లు. ప్రేమలత ఆమెను ఒక్కనాడు పల్లెత్తు మాట అనలేదు. కట్టుకునే చీర దగ్గర నుంచి కడుపునొప్పి దాకా అన్నీ అడిగి తెలుసుకునే మనిషి. ఆ మనిషే ఇప్పుడు శ్రేయ తాకిన గిన్నెను మళ్లీ కడుగుతోంది.

జరిగింది ఇది. శ్రేయ భర్త అజయ్ భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్. వారమంతా అక్కడి గదిలో ఉండి, శనివారం ఇంటికి వచ్చి, సోమవారం పొద్దున కారులో వెళ్లిపోతాడు. పోయిన సోమవారం అలాగే వెళ్లాడు. సాయంత్రానికి ఊపిరి అందక గదిలో కూలబడితే తోటివాళ్లు హన్మకొండలో ఒక దవాఖానలో చేర్చారు. "ఊపిరితిత్తుల్లోకి పోగూడనిదేదో పోయింది. ఏం తిన్నాడు? ఏం పీల్చాడు?" అని అడిగారు డాక్టర్లు. ఆ మాట ఇంటికి చేరేసరికి 'విషం' అయింది.

అప్పుడు ప్రేమలతకు గుర్తొచ్చింది. శనివారం పడకగది తలుపు వెనక కోడలి గొంతు: "ఏదో ఒకనాడు గా డబ్బల విషం పోస్త. అప్పుడన్న బుద్ధొస్తది నీకు." సోమవారం అజయ్ పట్టుకెళ్లిన అన్నం డబ్బా సర్దింది శ్రేయే.

మామ వెంకట్రాం నెమ్మదైన మనిషి. నెమ్మదిగానే చెప్పాడు. "ఆదివారం జఫర్‌గఢ్ కెల్లి మనోళ్లు వస్తున్నరు. అప్పటిదాకా సంగతి తేలకపోతే ఠాణాల దరఖాస్తు ఇస్త. కోడలని చూడ. నువ్వు అందాక జనగామల మీ అమ్మగారింట్ల ఉంటే మంచిది."

శ్రేయ బట్టలు సర్దుకుంది. కానీ స్టేషన్‌కు వెళ్లేదారిలో, జిరాక్స్ దుకాణం పైన ఉన్న ఒక గది మెట్లెక్కింది.

ఆ గది రూతుది. పెళ్లి సంబంధాల విచారణలు, బీమా విచారణలు ఆమె పని. డోర్నకల్‌లో రైల్వే గార్డు కూతురిగా పెరిగింది. యాభై దాటిన మనిషి, నేత చీర, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే సగం మూసినట్టుండే కళ్లు. ఆమె సహాయకుడు ఐలేశ్‌కు ఒకప్పుడు ఫొటో స్టూడియో ఉండేది. అది మూతపడ్డాక ఆమె వెంట చేరి, ఇప్పుడు ఆమెను తప్ప ఎవరినీ మెచ్చుకోని స్థితికి వచ్చాడు.

"కూసోండి మేడం. ఇగ మీరు పరేషాన్ కావద్దు," అన్నాడు కుర్చీ తుడుస్తూ. "మా మేడం మనిషిని చూడంగనే సగం కేసు చెప్పేస్తది."

"ఐలేశ్, నీళ్లు తీసుకురా," అంది రూతు. తర్వాత శ్రేయవైపు తిరిగింది. "నేను నీకు తెల్వదు కానీ, నువ్వు నాకు తెలుసు బిడ్డా. పెండ్లికి ముందు జనగామలో మీ ఇంటి చుట్టూ తిరిగి, 'పిల్ల మంచిది' అని మీ మామకు చెప్పింది నేనే. అజయ్ గురించి నీకు చెప్పమని మాత్రం నన్ను ఎవరూ అడగలే."

శ్రేయకు ఎందుకో ఆ మాటకు ఏడుపొచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పనిది అక్కడ చెప్పింది.

పెదనాన్న గొంతు కాన్సర్‌తో పోయినప్పుడు, ఇక సిగరెట్ ముట్టనని అజయ్ కురవి వీరభద్రస్వామి గుడిలో తండ్రి చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు. ముట్టలేదు కూడా. బదులుగా ఆవిరి పీల్చే మిషన్, ఈ-సిగరెట్, పట్టాడు. దాని అమ్మకం నిషేధం కాబట్టి హైదరాబాద్‌లో ఎవరో స్నేహితుడు తెచ్చిస్తాడు.

"పైన చిన్న గాజు ట్యాంకు ఉంటది. అండ్ల సన్నటి తీగ చుట్ట. చుట్టలకెల్లి దూది. ట్యాంకుల పోసిన నికోటిన్ రసాన్ని దూది పీలుస్తది, తీగ వేడైతే ఆవిరొస్తది. దూది నల్లగైతే తీసేసి, తీగను ఎర్రగ కాల్చి మసి దులిపి, కొత్త దూది ఎక్కిస్తడు. పట్టకారుతోని, చంటిపిల్లకు కాటుక పెట్టినట్టు పెడతడు. నా మీద గూడ అంత ధ్యాస పెట్టలె ఎన్నడు."

ఐలేశ్ నవ్వబోయి రూతు ముఖం చూసి ఆగిపోయాడు.

"దూదికి పురి పెడతాడా?" అడిగింది రూతు.

"పెట్టడు. పురి పెడితే రసం ఎక్కదంట, మాడు వాసనొస్తదంట. వదులుగ దూర్చి, కొసలు కత్తిరిస్తడు. పుదీనా వాసన రసం పోస్తడు. గొంతుల సల్లగుంటదని."

"ఇంట్లో పెద్దవాళ్లకు ఏం చెప్పాడు?"

"బొగ్గు దుమ్ముకు కంపెనీ డాక్టర్ ఇచ్చిన మిషన్ అన్నడు. అత్తమ్మ నమ్మింది. నేను దాన్ని పొగ డబ్బ అంట. విషం పోస్త అన్నది గా డబ్బలనే."

"ఆ మాట మీ అత్తతో చెప్తే అయిపోయేది గదా."

శ్రేయ తల వంచుకుంది. "చెప్తే ఒట్టు సంగతి బయటపడతది. దవాఖానల పండుకున్న మనిషిని మామ ముందట ఎట్ల నిలబెట్టాలె?"

"సోమవారం నాటి బట్టలు చూశావా?"

"అంగీ ఇంటికి తెచ్చిర్రు. హారతి వాసన వచ్చింది. మా ఇంట్ల పొద్దు మాపు ఉండేదే అని ఊకున్న."

రూతు లేచింది. "జనగామ రైలు రేపు కూడా ఉంటది. పా, మీ ఇంటికి పోదాం."

కోడలు తిరిగొచ్చినందుకు ప్రేమలత ముఖం ముడుచుకుంది కానీ, వెంకట్రాం రూతును చూసి మర్యాదగా లోపలికి పిలిచాడు. నిజం తేలితే తనకూ మంచిదే అన్నాడు. రూతు అన్నం గురించి గానీ విషం గురించి గానీ అడగలేదు. దేవుడి అలమర ముందు నిలబడి ఇత్తడి కుందుల్ని చూసింది.

"అద్దం లెక్క ఉన్నయి. పనిమనిషి తోముతదా?"

"ఇంకో చెయ్యి పడనియ్య," అంది ప్రేమలత, అంత దిగులులోనూ కొంచెం గర్వంగా. "చింతపండు పెట్టి నేనే తోముత. వత్తులు నేనే చేస్త. నల్లబడ్డ వత్తి ఇంకో పూటకు ఉంచను. నా కొడుకు మంచిగ ఇంటికొస్తే చాలు, ఇంకేం అడగ ఆ దేవుణ్ణి."

"ఆదివారం అజయ్ ఇంట్లో ఏం చేశాడు?"

"పొద్దుగాల దగ్గుకుంట లేచిండు. పగటీలి తిని పండుకున్నడు. మాపటికి దోస్తుల కాడికి పోయిండు. ఏమున్నది, ఎప్పటి లెక్కనే."

పెరట్లో జశ్వంత్‌ను అడగడానికి రూతుకు ఎక్కువ మాటలు అవసరం కాలేదు. అతనే జేబురుమాలులో చుట్టిన వస్తువు తెచ్చి ఇచ్చాడు.

"దవాఖానల చేర్చంగనే అన్న ఫోన్ చేసిండు. మాట గూడ మంచిగ రాలె. 'రూంల మిషన్ ఉంది, తీసి పారెయ్. ఎవలకు చూపియ్యకు, అమ్మకైతే అసలే చూపియ్యకు' అన్నడు."

"అమ్మకా? బాపుకు అనలేదా?"

"అమ్మకే."

"మరి ఎందుకు పారెయ్యలే?"

"పారేస్తే వదినకు ఏమైతదో అని భయం. చూపిస్తే అన్నకు ఏమైతదో అని భయం," అన్నాడు జశ్వంత్. "గందుకే దాచిన. పెద్ద హుషారు పని చేసిన అనుకున్న."

రూతు తెల్లటి బట్ట పరిచి ట్యాంకు మూత తిప్పింది. శ్రేయ వంగి చూసింది. లోపలి దూది వదులుగా లేదు, గట్టిగా పురి తిరిగి ఉంది. దాని ఒక కొస మొనదేలింది. తీగ చుట్ట సగమే నల్లబడింది. బయటి లోహమంతా మెరుస్తోంది.

"పెండ్లిల పెట్టిన కొత్త గిన్నె లెక్క ఉన్నది మేడం," అన్నాడు ఐలేశ్ ఫొటో తీస్తూ. మూత బిగించే మరల్లో సన్నటి గోధుమరంగు పీచు ఇరుక్కుని ఉంది. దాన్ని రూతు సూదితో తీసి బట్ట మీద పెట్టింది. గ్లాసుడు నీళ్లు తెప్పించి, అందులో ఆ దూది ముక్కను ముంచింది. నీళ్ల మీద రంగురంగుల పొర తేలింది.

"అతను పోసే రసం నీళ్లల్లో కలిసిపోతది. ఇది తేలింది," అంది.

"అంటే ఏంది మేడం?" అన్నాడు ఐలేశ్.

రూతు ట్యాంకు మూత బిగించింది. ఆమె ముఖంలో గెలుపు లేదు. ఎవరో పోయిన కబురు చెప్పాల్సినవాళ్ల ముఖంలా ఉంది.

దవాఖానలో అజయ్ కొంచెం తేరుకున్నాడు. ముక్కుకు గొట్టం ఉంది కానీ మాట్లాడుతున్నాడు. శ్రేయను చూసి చూపు కిటికీవైపు తిప్పుకున్నాడు.

"మిషన్‌లో దూది ఎవరు మార్చారు?" రూతు సూటిగా అడిగింది.

"నేనే. ఆదివారం."

"ఎట్లా పెట్టావు?"

"ఎప్పటి లెక్కనే."

"మీ నాయిన నీ భార్య మీద దరఖాస్తు ఇస్తానంటున్నాడు. తెలుసా?"

"తమ్ముడు చెప్పిండు."

"నువ్వేమన్నావు?"

"నాకు ఆయాసమొస్తున్నది అక్కా," అని అజయ్ కళ్లు మూసుకున్నాడు. మళ్లీ కళ్లు తెరవకుండానే అడిగాడు, "అమ్మ ఎట్లున్నది? తింటున్నదా?"

శ్రేయ మంచం పక్కనే నిలబడి ఉంది. తన గురించి కూడా అడుగుతాడేమోనని కొంతసేపు నిలబడింది. తర్వాత బయటికి వచ్చేసింది.

శనివారం అజయ్‌ను ఇంటికి పంపారు. ఆదివారం పొద్దున, జఫర్‌గఢ్ వాళ్లు రాకముందే, రూతు అందర్నీ హాల్లో కూర్చోబెట్టమంది. అజయ్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ప్రేమలత అతని పక్కనే కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసింది. శ్రేయ తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది. జశ్వంత్ నిలబడే ఉన్నాడు. రూతు మిషన్‌ను బల్ల మీద పెట్టగానే వెంకట్రాం, "గిది దగ్గు మిషన్ గద," అన్నాడు.

"కాదు సార్. సిగరెట్‌కు బదులు పీల్చేది. శ్రేయ విషం పోస్తానన్న డబ్బ ఇదే. అన్నం డబ్బ కాదు. కోపంలో అన్నది, పోయలేదు."

వెంకట్రాం కొడుకువైపు చూశాడు. అజయ్ చూపు నేల మీదే ఉంది.

"డాక్టర్లను మళ్లీ అడిగాను," అంది రూతు. "అన్నంలో ఏమీ లేదు. ఊపిరితిత్తుల్లోకి నూనె ఆవిరి పోయింది. ఆ నూనె ఈ దూదిలో ఉంది. మొదట నేనూ ఎవరో కావాలని పోశారనే అనుకున్నా. కానీ ఈ మిషన్ చూడండి, ఎట్ల మెరుస్తున్నదో. మరల్లో చింతపండు పీచు దొరికింది. మనిషిని చంపాలనుకున్నవాళ్లు గిన్నె తోమిపెట్టరు. ప్రేమ ఉన్నవాళ్లే తోముతారు."

రూతు ఆ దూది ముక్కను బల్ల మీద పెట్టింది.

"అజయ్ దూదికి పురి పెట్టడు. ఇందులో ఉన్నది అరచేతుల మధ్య నలిపి, మొన తీసిన వత్తి. అంగీకి అంటిన హారతి వాసన కర్పూరానిది. ఈ ఇంట్లో వత్తులు చేసే చెయ్యి ఒక్కటే. దగ్గుకు కర్పూరం నూనె కాచే చెయ్యి కూడా అదే." రూతు గొంతు తగ్గించింది. "ప్రేమలత గారూ, ఆదివారం అజయ్ పండుకున్నప్పుడు ఈ మిషన్ మీరు కడిగారు కదా?"

"కడిగిన," అంది ప్రేమలత వెంటనే. అందులో దాచాల్సింది ఏముందో ఆమెకు ఇంకా తెలియలేదు. "అంగీలు ఉతకనా, టిఫిన్ తోమనా, గట్లనే ఇది గూడ. లోపలిది ఏందిరా అని మునుపు అడిగితే 'వత్తి అమ్మా, నల్లగైతే మార్చాలె' అని వీడే అన్నడు. నల్లగ బొగ్గయి ఉన్నది. పాపం, ఎవలు చూస్తరు అక్కడ వానికి అని మార్చిన. మందు గూడ అడుగంటింది. కర్పూరం నూనె పోస్తే ఛాతి ఇడుస్తది గదా అని…"

అక్కడ ఆగింది. తన మాటలు తనకే అప్పుడు వినపడ్డట్టు, కొడుకు మోకాలి మీది చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది.

"నన్ను ఎవలు అడగలె," అంది. "అందరు అన్నం సంగతే అడిగిర్రు. మిషన్ సంగతి ఎవలు అడగలె. నేనేనా? అజయ్, నేనేనారా?"

"అమ్మా, నీకు తెల్వక…" అన్నాడు అజయ్.

"మేడం, ఒక్క సందేహం," అన్నాడు ఐలేశ్ మూలనుంచి, ఆగలేక. "నూనె పీలుస్తుంటే ఆయనకు తెలియలేదా?"

"మొదట తెలియలేదు. కర్పూరమూ గొంతులో చల్లగానే ఉంటది. రసం పుదీనాదే అనుకుని దారి పొడుగునా పీల్చాడు. దగ్గు ముదిరాక గదిలో మూత తీసి చూశాడు." రూతు అజయ్‌వైపు తిరిగింది. "చూడగానే ఎవరి వత్తో తెలిసింది నీకు. లేకపోతే 'అమ్మకు అసలే చూపియ్యకు' అనవు. పారేయమన్నది అందుకే. దూది నేనే మార్చానని నాతో అన్నదీ అందుకే. మొదటి రోజు నుంచీ నిజం తెలిసిన మనిషివి నువ్వొక్కడివే."

అజయ్ తలెత్తకుండానే చెప్పాడు. "తన చేతితోనే అయిందని తెలిస్తే అమ్మ బతకదనుకున్న. బాపుకు ఒట్టు సంగతి తెలుస్తదని గూడ భయపడ్డ. శ్రేయ ఐతే తట్టుకుంటదనుకున్న."

ఆ చివరి మాట అతను చెడ్డగా అనలేదు. మెచ్చుకున్నట్టే అన్నాడు. శ్రేయకు ఆ వారమంతా పడ్డ ఏ మాటా అంత లోతుగా దిగలేదు.

ప్రేమలత లేచి వచ్చి కోడలి కుర్చీ పక్కన నేల మీద కూలబడింది. శ్రేయ ఆమె భుజం పట్టుకుంది. ఇద్దరూ అలాగే ఉండిపోయారు. రూతు మిషన్‌ను మళ్లీ రుమాలులో చుట్టింది. ఆమె వెళ్తానని లేచినా ఎవరూ గమనించలేదు. ఐలేశ్ కూడా ఈసారి పొగడ్త ఏదీ లేకుండా ఆమె వెనకే గడప దాకా నడిచాడు.

వెంకట్రాం గొంతు సవరించుకున్నాడు. "ఇగ అయ్యిందేదో అయ్యింది. కావాలని ఎవలు చెయ్యలె. వచ్చెటోళ్లకు ఊపిరితిత్తులకు నిమ్ము చేసిందని చెప్దాం. శ్రేయా, నువ్వు గూడ మనసుల పెట్టుకోకు బిడ్డా. బట్టలు లోపల పెట్టుకో."

"నిమ్ము అని చెప్పకుర్రి మామయ్యా," అంది శ్రేయ. గొంతు పెంచలేదు. "నా పేరు జఫర్‌గఢ్ దాక తిరిగింది. నిజం గూడ గంత దూరం తిరగాలె. నేను మాత్రం మాపటి రైలుకు జనగామ పోతున్న. అక్కడ్నే ఉంట."

"ఎన్నొద్దులు వదినా?" అన్నాడు జశ్వంత్.

"తెల్వదు." ఆమె ప్రేమలత భుజం మీద చెయ్యి తీయలేదు. "అత్తమ్మ తెల్వక చేసింది. ఆమె ఎప్పుడొచ్చినా మా అమ్మగారింట్ల నా పక్కపొంటి పండుకుంటది. ఆయన తెలిసి ఊకున్నడు. ఆయన రావద్దు."

అజయ్ ఏదో అనడానికి ఊపిరి తీసుకోబోతే దగ్గు వచ్చింది. ఆ దగ్గుకు ప్రేమలత అలవాటుగా లేవబోయింది. లేచి, అటు వెళ్లకుండా, కోడలి బట్టల సంచి చేతిలోకి తీసుకుంది.